ఊపిరి బిగబట్టి చేయు వృత్తి

ఏలూరు చేపల అంగడికి తెల్లవాఱుజామున పోయినవారికే మంచి చేప దొరకును. కొల్లేటి లంకలనుండి వచ్చిన గంపలు ఎండ పొడుచునప్పటికి సగము ఖాళీ యగును. ఆ యంగడిలో మేము ఏండ్ల తరబడి ఒక వడ్డివారి స్త్రీయొద్దనే కొనుచున్నాము. ఆమె తూకము మంచిది. మాట అంతకన్న మంచిది. మొన్న కార్తికము వెళ్లిన పిమ్మట నొకనాడు ప్రాణముతోనున్న కొఱ్ఱమీ నొకటి గంపలోనుండి యెగిరి నేలబడగా, ఆమె తల వెనుక రెండు వ్రేళ్లు మోపి, దాని నొడుపుగా పట్టుకొనెను. ఈ యొడుపు ఎవరు నేర్పిరమ్మా యని యడిగితిమి.

"మా అమ్మమ్మండి. ఆవిడ కొల్లేట్లో పీకలోతు నీళ్ళలో మునిగి, ఊపిరి బిగబట్టుకుని, బురద తడిమి చేత్తో పట్టేదండి. నాకు ఆ ఊపిరి రాలేదండమ్మా. ఈ పట్టు మాత్రం వచ్చింది" అని నవ్వెను.

ఆ మాట మమ్ము చాలదినములు వదలలేదు. ఊపిరియే పెట్టుబడిగా నీట మునిగి సంసారములు నడపు స్త్రీలు లోకమున మఱెక్కడనైన గలరా యని విచారించితిమి. కలరు. కొరియాదేశమునకు దక్షిణమున జేజు అను ద్వీప మున్నది. అగ్నిపర్వతము కక్కిన నల్లరాతి నేల యగుటచే అచ్చట వాననీరు నిలువదు. వరి పండదన్నను తప్పులేదు. ఆ ద్వీపములోని స్త్రీలు కొన్ని వందల సంవత్సరములుగా సముద్రమున మునిగి, అడుగున నుండు ఆల్చిప్పలను, నత్తలను, సముద్రపు నాచును, ముండ్లకాయలను తెచ్చి యమ్ముకొని బ్రతుకుచున్నారు. వారిని హేన్యో యందురు. సముద్రస్త్రీ యని దాని యర్థము. జపానుదేశమునందును ఈ వృత్తివారు గలరు. వారిని అమా యందురు.

ముండ్లకాయ యన నేమని చదువరులు అడుగవచ్చును. ఆంగ్లేయులు సీ అర్చిన్ అని పిలుచు జంతువునకు మేమీ వ్యాసమున పెట్టుకొన్న పేరిది. ఉమ్మెత్తకాయను నలుపు చేసి, దాని ముండ్లను నాలుగింతలు పొడవు చేసినచో ఎట్లుండునో అట్లుండును. రాళ్ల సందులలో నక్కి, నాచు గొఱుకుచు, మెల్లగా ప్రాకుచుండును. నోరు క్రిందివైపున నుండును. అందు అయిదు పండ్లు. పైపెంకు పగులగొట్టి చూచినచో లోపల పనసతొనల రంగున అయిదు పాయలుగా మెత్తని పదార్థ ముండును. తినదగినది అది యొక్కటే. జపానువారు దీనిని ఊని యని పిలిచి, అన్నముపై పచ్చిదే పెట్టుకొని మిక్కిలి ప్రియముగా తిందురు. జేజులో నాచుతో కలిపి చారు కాతురు. పచ్చిది తిందురన్న మాట వినగానే మా యింట నొకరు ముక్కు మూసికొనిరి. మన యెండురొయ్యల వాసనకు పరదేశి యెవరైన నట్లే చేయునని వారికి జ్ఞాపకము చేయవలసి వచ్చినది.

ఇక వారి పని. జేజు స్త్రీ నీట దిగునప్పుడు గాలిడబ్బా తగిలించుకొనదు. కంటికి అద్దము, కాళ్లకు తెడ్లవంటి రబ్బరుతొడుగులు, నడుమున సీసపు బరువులు, చేత చిన్న కొంకి, అంతియే. ఒంటికి రబ్బరుదుస్తులు 1970 తరువాతనే వచ్చినవి. అంతకుముందు పలుచని నూలుబట్టతోనే చలికాలమునను దిగెడివారు. ఒడ్డున రాళ్లు పేర్చిన దడి నడుమ నెగడు వేసికొని, కొంతసేపు కాచుకొని మరల దిగెడివారు. నీటిపై తేలుటకు వారు వాడునది మనకు క్రొత్తది గాదు. అది ఎండిన ఆనపబుఱ్ఱ! మన పల్లెలలో ఈత నేర్చు పిల్లల వీపునకు కట్టునదే. దానికి వల సంచి వ్రేలాడగట్టి, పట్టినదెల్ల అందు వేయుదురు. ఇప్పుడు బుఱ్ఱకు బదులు తేలికరకపు కృత్రిమపదార్థపు బంతి వచ్చినది.

పది మీటర్ల లోతునకు ఒక నిమిషముపాటు ఊపిరి బిగబట్టి దిగుదురు. నేర్పరులు ఇంకను లోతునకు పోవుదురు. పైకి రాగానే పెదవుల సందునుండి ఈలవంటి ధ్వనితో గాలి విడుతురు. దానిని సుంబిసోరి యందురు. దినమునకు ఆఱేడు గంటలు, ఏటికి తొంబదిదినముల వఱకు ఇట్లు మునుగుచు తేలుచు నుందురు. ఒడ్డుకు వచ్చినంతమాత్రమున పని తీరదు. ముండ్లకాయల నొక్కొక్కటిగా పగులగొట్టి, ఉప్పునీట కడిగి, చిన్న చెంచాతో చెదరకుండ తొనలు తీయవలెను. గంపెడు కాయలకు గిన్నెడు పదార్థము.

కడుపుతో నున్నవారును ఈ పని మానలేదని వినినప్పుడు మాకు గుండె జల్లుమన్నది. 2025లో శాస్త్రజ్ఞులు కొందఱు జేజు స్త్రీలను పరీక్షించి రెండు సంగతులు ప్రకటించిరి. చిరకాలాభ్యాసమువలన మునుగునప్పుడు వీరి గుండె ఇతరులకన్న నెమ్మదిగా కొట్టుకొనును. అదిగాక, మునుగుటయందు రక్తపుపోటు మితిమీఱకుండ కాపాడు గుణ మొకటి ఆ ద్వీపవాసుల రక్తసంతతిలోనే నిలిచియుండవచ్చును. తల్లులు గర్భముతో దిగిన సముద్రము సంతానముపై తన గుఱుతు వేసి పోయినదన్న మాట. అంతమాత్రమున ఆ వృత్తి సుఖమైనదని యెవరును తలపరాదు. తలనొప్పి, చెవిపోటు వారికి నిత్యనైమిత్తికములు. వయసు చెల్లిన స్త్రీలు నీటిలోనే గుండె ఆగి పోవుటయు గలదు.

ఆ స్త్రీల భాషలో "నీటియూపిరి" అను మాట యొకటి గలదు. అడుగున మంచి ఆల్చిప్ప కనబడును, ఊపిరి తీరవచ్చును, ఇంకొక్కటి తీసికొని పోదమని నిలిచినచో నీరు ముక్కున కెక్కును. అదియే నీటియూపిరి. క్రొత్తగా దిగు పిల్లకు పెద్దలు మొట్టమొదట చెప్పునది ఈతను గుఱించి కాదు, దీనిని గుఱించి.

ఈ భయము వారి వ్యక్తులయందేగాక కట్టుబాట్లయందును కనబడును. ఏ నెలలో ఏ సరకు తీయరాదో, ఎంత చిన్నదానిని వదలవలెనో గ్రామసంఘములు నిర్ణయించును. గాలిడబ్బాలు వలదనుటయు ఈ కట్టుబాట్లలోనిదే. అవి వచ్చినచో పదిమంది తీయునది ఒక్కతె తీయును. రెండేండ్లలో అడుగు ఖాళీ యగును. తీరమున లోతు తక్కువైన చోటును ముసలివారికై విడిచిపెట్టు ఆచారము గలదు. దానిని అవ్వలసముద్ర మని పిలుతురు. బలిమి గల యువతులు అందు దిగరాదు. కొన్ని గ్రామములలో ఒక భాగమున పట్టిన సరకు వెలను ఊరి బడికై కేటాయించిరి. ఆ బడులలో చదువుకొన్నవారి తల్లులు చాలమందికి అక్షరము రాదు.

అణకువగా నుండు జనమని వీరిని తలచినచో పొరపాటు. జపాను ప్రభుత్వమువారి యేలుబడిలో, సరకునకు న్యాయమైన వెల యీయక సంఘాధికారులు మోసగించుచుండగా, 1932 జనవరిలో వేలకొలది హేన్యోలు కొంకులు చేతబట్టి సేహ్వా సంతలో నిలిచిరి. ముందు నడచినవారు రాత్రిబడిలో చదువు నేర్చిన పడుచులు. చెఱసాలలకును పోయిరి. 2016లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతిసంస్థ యగు యునెస్కో ఈ వృత్తిని మానవజాతి వారసత్వములలో నొకటిగా చేర్చినది.

ఇదే ముండ్లకాయకై యంత్రముతో దిగువారును లోకమున గలరు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున పురుషులును, కొలదిమంది స్త్రీలును పడవపై గాలి నెక్కించు యంత్రము నుంచి, పొడవైన గొట్టముగుండ ఊపిరి పీల్చుకొనుచు గంటలతరబడి అడుగున నుండి, పాఱవంటి కొంకితో కాయలను సంచులలోనికి లాగుదురు. పడవపై నొకడు గొట్టమును కనిపెట్టుకొని యుండవలెను. చాలసేపుండి వెంటనే పైకి వచ్చినచో రక్తమున కరగియున్న వాయువు బుడగలై పొంగును. గోలీసోడా మూత తీసినప్పటి వలె నని తెలిసికొనవలెను. కీళ్లు పట్టుకొనిపోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. అమెరికాలోని మెయినులో 1980 తరువాత జపానువారి బేరము తగులగానే ఊళ్లకు ఊళ్లు ఈ పనికి దిగినవి. 1993లో 4 కోట్ల పౌనులకు మించి తీసిరి. 2012 నాటికి అందులో పదియవవంతు కూడ దొరకలేదు. నియమములు వచ్చినవి గాని, సరకు తఱుగుట మొదలైన తరువాత వచ్చినవి.

ఇదంతయు చదివిన పిమ్మట మాకు కొల్లేరు మఱియొక విధముగా కనబడ సాగినది. కృష్ణా గోదావరీ మండలముల నడుమ పళ్లెమువంటి పల్లమది. బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు తెచ్చిన వరదను పట్టి నిలిపి, ఉప్పుటేటిగుండ మెల్లగా సముద్రమునకు విడుచును. వానకాలమున సముద్రమువలె నుండి, వేసవిలో మోకాలిబంటి యగును. ఆ నీటిలో సముద్రపు లోతు లేదు, ముండ్లకాయలును లేవు. కాని లంకలలోని వడ్డివారు తాటిదోనెపై పోయి, వెదురుమావులు పెట్టి, విసురువలలు వేసి, నీరు తీసినచోట బురద తడిమి బ్రతికిన బ్రతుకు జేజువారిదానికి చుట్టమే. చేయి యెంత చాచిన నంత, దోనె యెంత పట్టిన నంత. పట్టినది మగవారైనను, ఆడువారైనను, తట్ట నెత్తికెత్తి ఊరూర తిరిగి యమ్మినది మాత్రము ఆడువారే.

1976లో ప్రభుత్వమువారు ఆ పేదలకు మేలు చేయదలచి, సహకారసంఘములు పెట్టించి, సరస్సులో చేపలచెఱువులు త్రవ్వించి యిచ్చిరి. తలంపు మంచిదే. ఐనను చెఱువునకు గట్టు కావలెను, పిల్ల కావలెను, మేత కావలెను; అన్నిటికిని ధనము కావలెను. ధనము గలవారు బయటినుండి వచ్చి కౌలునకు తీసికొనిరి. గట్లు పెరిగినకొలది సరస్సు తరిగినది, వరదనీటికి దారి మూసికొనిపోయినది. 1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తుగీతకు లోపలనున్న 308 చదరపు కిలోమీటర్లను పక్షులకును ఇతరజంతువులకును అభయారణ్యముగా ప్రకటించిరి; 2002లో అది రాంసారు పట్టిక కెక్కెను; 2006లో యంత్రములు తెచ్చి గట్లు కొట్టివేసిరి. పాతరీతిని చేపలు పట్టుకొను హక్కు స్థానికులకు విడిచిపెట్టిరి. కౌలుసొమ్ము పోయినదని వగచినవారు లంకలలో లేకపోలేదు. నీరు తిరిగి వచ్చినదని సంతసించినవారును లేకపోలేదు. ఒకే యింట ఇరువురు నుండుటయు కద్దు. బయటనున్న చెఱువుల బొచ్చెలు, శీలావతులు నేటికిని మంచుపెట్టెలలో ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా హౌరా త్రోవ పట్టుచున్నవి. ఆ చెఱువులలో మెడలోతున వల లాగు కూలివారిలో, ఒకప్పుడు అదే నీటిని తమదనుకొన్నవారి మనుమలు గలరు. మాకు బాధ కలిగించునది ఇది.

జేజులో మాత్ర మంతయు చక్కగా నున్నదని వ్రాయుట మోసము. 1970 ప్రాంతమున పదునాలుగువేలుగా నున్న హేన్యోలు నేడు మూడువేల లోపే. వారిలో పదింట తొమ్మండుగురు అఱువది దాటినవారు. ఈ కష్టము తమ కూతుండ్రకు వలదని తల్లులే పట్టుబట్టి చదివించిరి. నేర్పుటకు బడులు పెట్టినను, దిగు పిల్లలు కొలదిమందియే. సముద్రము వెచ్చబడి నాచు తఱుగుచుండుటచే, దిగినవారి సంచియు మునుపటివలె నిండుట లేదు.

గడచిన ఆదివారము అంగడికి పోయినప్పుడు ఈ కథ యంతయు మా చేపలామెకు చెప్పితిమి. ఈలలు వేయుటను విని నవ్వెను. ఆనపబుఱ్ఱ మాటకు తల యూపెను. ముండ్లకాయ తొనలమాట ఆమెకు నచ్చలేదు. అవ్వలసముద్రము సంగతి చెప్పగానే మాత్రము కత్తి ప్రక్కనుంచి మావైపు చూచెను.

"ముసలోళ్ళకని విడిగా నీళ్ళు వదిలేస్తారాండీ? పడుచోళ్ళు దిగరూ?"

దిగరని చెప్పితిమి.

"మా అమ్మమ్మ ఆఖర్లో గట్టుమీద కూచుని మావులు అల్లేదండి. చెరువు కౌలుకిచ్చేశాక నీళ్ళలో దిగనిచ్చేవారు కాదు. కాళ్ళు మటుకు నీళ్ళలో పెట్టుకునేది."

కూతు రేమి చదువుచున్నదని యడిగితిమి. ఏలూరులోనే డిగ్రీ మూడవ సంవత్సరమట. నీళ్లనిన భయమట, ఈత కూడ రాదట. అది చెప్పునప్పుడు ఆమె మొగమున కనబడినది సంతోషమో మఱియొకటో మేము పోల్చుకొనలేకపోయితిమి. అంతలో వెనుక బేరగాండ్రు తొందర పెట్టసాగిరి. ఆమె కత్తిపీట ముందునకు జరుపుకొని, "పొలుసు తియ్యనా అమ్మగారూ, ఇంటికాడ చేసుకుంటారా?" అని యడిగెను.