కాయిల్‌కి చిల్లు పడితే ఏసీ మార్చాల్సిందేనా?

ఏసీలో గ్యాస్ దానంతటది అయిపోదు. అది మండి ఖర్చయ్యే ఇంధనం కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఒకచోట ద్రవంగా, ఒకచోట ఆవిరిగా మారుతూ, గదిలోని వేడిని బయటికి మోసుకుపోతూ తిరిగే పదార్థం. ఫ్యాక్టరీలో నింపిన ఎనిమిది వందల గ్రాములో, కిలోనో ఆ ఏసీ పనిచేసినంత కాలమూ సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఈ ఒక్క సంగతి తెలియక ఏటా ఎండలు ముదిరే వేళ ఎన్నో ఇళ్లలో గ్యాస్ నింపించుకుంటారు. కొన్ని నెలలకే చల్లదనం మళ్లీ తగ్గుతుంది. రెండో ఏడాదో మూడో ఏడాదో మెకానిక్ చేతులెత్తేస్తాడు: "కాయిల్ పోయిందండీ. అల్యూమినియం కదా, వెల్డింగ్ నిలవదు. కాయిల్ మార్చాలి, లేదంటే కొత్త ఏసీ తీసుకోండి." కాయిల్ లీకవుతోందన్న మాట నిజమే కావచ్చు. కానీ అల్యూమినియానికి అతుకు నిలవదన్న మాట నిజం కాదు. ఆ లోహానికి పడే చిల్లుల్లో చాలావాటిని నమ్మకంగా పూడ్చవచ్చు. నిలవనిది అతుకు కాదు, రాగికి అలవాటుపడిన చేయి అదే పద్ధతిలో అల్యూమినియం మీద చేసిన పని.

ముందు కాయిల్ అంటే ఏమిటో చూద్దాం. ఇండోర్ యూనిట్‌లో ఒకటి, అవుట్‌డోర్ యూనిట్‌లో ఒకటి ఉంటాయి. వంపులు తిరిగిన సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ దగ్గర దగ్గరగా గుచ్చిన పల్చటి రేకులు. ఈ రేకులు దాదాపు అన్ని ఏసీల్లోనూ అల్యూమినియంవే. రాగి ఏసీ, అల్యూమినియం ఏసీ అని షాపులో చెప్పే తేడా అంతా గొట్టంలోనే. రాగి వేడిని ఇంకా బాగా ప్రసరింపజేస్తుంది, కానీ బరువు మూడు రెట్లకు పైనే, ధర కూడా ఎక్కువ. అందుకే కార్ల ఏసీలు దశాబ్దాల కిందటే అల్యూమినియానికి మారిపోయాయి. ఆ కార్ల కండెన్సర్ల నుంచి వచ్చిందే మైక్రోచానల్ కాయిల్. బల్లపరుపు అల్యూమినియం గొట్టంలో వరసగా సన్నటి దారులు ఉండి, తక్కువ గ్యాస్‌తోనే పని జరుగుతుంది. ఇది చవకబారు సరుకు కాదు, వేరే రకం సరుకు. దానికి మరమ్మతు పద్ధతీ వేరే.

రాగి గొట్టానికి అతుకు వేసేటప్పుడు మెకానిక్‌కి కన్నే దారి చూపిస్తుంది. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. అతుకు రాడ్డు 700, 800 డిగ్రీల మధ్య పారుతుంది, అప్పటికి గొట్టం ఎర్రబడి కనిపిస్తుంది. టార్చ్ కాస్త అటూ ఇటూ అయినా ముంచుకొచ్చే ప్రమాదం లేదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దానికి వాడే 12 శాతం సిలికాన్ కలిసిన అల్యూమినియం రాడ్డు 580 దగ్గర కరుగుతుంది. మధ్యలో ఉన్న వెసులుబాటు ఎనభై డిగ్రీలకు మించదు. పైగా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. తెల్లగా మెరుస్తూనే ఉండి ఒక్కసారిగా కుంగి జారిపోతుంది. ఇంకో చిక్కు పైపొరది. గాలి తగలగానే ఈ లోహం మీద కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. లోపలి లోహం నీరవుతున్నా పైపొర అలాగే ఉంటుంది కాబట్టి, రాడ్డు కరిగి దాని మీద పూసల్లా నిలుస్తుందే తప్ప అంటుకోదు. మెకానిక్ ఇంకాస్త వేడి చేస్తాడు. చిన్న చిల్లు కాస్తా వేలు పట్టేంత అవుతుంది. వెల్డింగ్ నిలవదన్న నమ్మకం ఇలాంటి అనుభవాల్లోంచే పుట్టింది. ఆ అనుభవాన్ని తోసిపుచ్చలేం, దాని నుంచి తీసిన తీర్పునే ఒప్పుకోలేం.

ఎందుకంటే ఈ చిక్కులు రెండింటికీ సమాధానాలు ఎప్పుడో దొరికాయి. వెసులుబాటు పెంచడానికి జింక్, అల్యూమినియం కలిసిన రాడ్లు ఉన్నాయి. అవి 500 డిగ్రీల లోపే పారతాయి. ఆక్సైడ్ పొరను విడగొట్టడానికి సీజియం కలిసిన ఫ్లక్స్ ఉంది, అది రాడ్డు లోపలే నింపి కూడా దొరుకుతుంది. ఈ ఫ్లక్స్ ఇంకో మేలు చేస్తుంది. వేడి సరిపోగానే కరిగి నీళ్లలా తేటపడుతుంది. ఎర్రబడని లోహం ఇవ్వలేని సూచనను అది ఇస్తుంది. పని వరస కూడా తెలిసిందే. గ్యాస్ పూర్తిగా తీసేయాలి, గొట్టం రెండు కొసలూ తెరిచి ఉంచాలి. మూసి ఉంటే లోపల గాలి వ్యాకోచించి, కరిగిన లోహాన్ని చిల్లులోంచి బయటికి తన్నేస్తుంది. నూనె జిడ్డు తుడిచి, రాగి మీద వాడని స్టీలు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. మంటను రాడ్డు మీద పెట్టకూడదు. గొట్టాన్ని చుట్టూ వేడి చేస్తే, ఆ వేడికే రాడ్డు కరగాలి. పాత రకం క్లోరైడ్ ఫ్లక్స్ వాడితే మాత్రం వేడినీళ్లతో పూర్తిగా కడగాలి. మిగిలిపోయిన ఉప్పు కొన్నాళ్లకు కొత్త అతుకునే తినేస్తుంది.

అయితే ఏ చిల్లునైనా పూడ్చేయవచ్చని కాదు. చిల్లు ఎక్కడ పడింది, ఎందుకు పడింది అన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు లీకు కాయిల్‌లోనే ఉండదు. గోడ దాటి వచ్చే గొట్టాలను యూనిట్‌కి కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర ఉంటుంది. కాయిల్ మీద నింద వేసే ముందు ఆ నట్లకు సబ్బు నురగ పూసి చూడటం కనీస మర్యాద. కాయిల్‌లోనే అయితే, చివర్న బయటికి కనిపించే యూ ఆకారపు వంపుల దగ్గర లీకు దొరికితే అదృష్టం, టార్చ్ నేరుగా అందుతుంది. రేకుల మధ్యలో ఉంటే ఆ వరస గొట్టాన్ని తప్పించి పైవంపును, కిందివంపును నేరుగా కలపవచ్చు. మైక్రోచానల్‌లో చిల్లుపడ్డ ఒక బల్లగొట్టాన్ని రెండు కొసలా మూసేయవచ్చు. డజన్ల గొట్టాల్లో ఒకటి పోతే చల్లదనంలో వచ్చే తేడా స్వల్పం. అల్యూమినియం గొట్టం రాగి గొట్టంతో కలిసే చోటు మాత్రం జాగ్రత్తగా చూడాలి. రెండు వేరు లోహాలు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో ఆ అతుకు మీద గట్టి తొడుగు వేస్తారు. తొడుగు చిరిగితే లోపల నీరు చేరి లీకు మొదలవుతుంది. అక్కడ మంట లేకుండా రింగు బిగించి గొట్టాలను కలిపే పద్ధతి కూడా ఉంది. ఎపాక్సీ జిగురు సంగతి వేరు. ఫ్రిజ్ ఫ్రీజర్‌లో మంచు గీకుతూ కత్తి దిగిన చిల్లుకి అది పనికొస్తుంది, అక్కడ ప్రెషర్ తక్కువ. ఎండాకాలంలో నాలుగు వందల పీఎస్ఐ కూడా దాటే అవుట్‌డోర్ కాయిల్‌కి జిగురును నమ్ముకోకపోవడం మంచిది.

ఒక చిల్లు పూడిస్తే పక్కన ఇంకోటి పడుతుంది కదా అన్నది గట్టి అభ్యంతరం. కొన్ని కాయిళ్ల విషయంలో అది పూర్తిగా నిజం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలిలోని క్లోరైడ్ అల్యూమినియం పైపొరను అక్కడక్కడా ఛేదించి సన్నటి గుంతలు తవ్వుతుంది. అలాంటి కాయిల్‌లో మొదటి చిల్లు చివరిది కాదు. పూర్వం బిందెకు మాటు వేసేవాడు చిల్లు ఒక్కటే చూసి ఊరుకునేవాడు కాదు, బిందె అంతా తట్టి చూసి, రేకు పల్చబడిపోయి ఉంటే మాటు నిలవదని చెప్పేవాడు. కాయిల్‌నీ అలాగే చూడాలి. రేకులు తెల్లటి బూడిదలా రాలుతూ ఉంటే, గొట్టం మీద గుంతలు వరసగా ఉంటే మార్చడమే సరి. అప్పుడు కూడా మార్చాల్సింది కాయిల్‌ని, మొత్తం ఏసీని కాదు. కానీ వణుకుడికి రెండు గొట్టాలు రాసుకుని పడిన చిల్లు, బిగించేటప్పుడు తగిలిన దెబ్బ, ఫ్యాక్టరీ అతుకులో లోపం, ఇవి ఒక్కచోటి గాయాలు. వీటికి పొడిగా ఉండే హైదరాబాద్ గాలిలో కాయిల్ మొత్తాన్ని బలివ్వడానికి కారణం లేదు. ఇంకో గాయం సర్వీసింగ్ చేసేవాళ్లే చేస్తారు. త్వరగా తెల్లబడాలని ఘాటైన ఆమ్లమో, క్షారమో కొట్టి కడుగుతారు. అల్యూమినియాన్ని ఆ రెండూ తింటాయి.

అందుకే నూటికి నూరు శాతం రాగి కొనుక్కుంటే గొడవే లేదంటారు. రాగికి దాని రోగాలు దానికున్నాయి. ప్లైవుడ్ జిగురు, వార్నిష్, కొన్ని శుభ్రపరిచే ద్రావకాల నుంచి వచ్చే ఆవిర్లు గదిలోని తేమతో కలిసి ఫార్మిక్ ఆమ్లంగా మారి రాగి గొట్టంలో చీమల పుట్టలాంటి సన్నటి సొరంగాలు తవ్వుతాయి. మురుగు కాలువ పక్కనున్న ఇళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా మార్చి తినేస్తుంది. చీమల పుట్ట రోగం అల్యూమినియానికి రాదు. రాగికి ఉన్న అసలు ఆధిక్యం అతుకు వేయగలవాడు ప్రతి వీధిలో దొరకడమే. ఆధిక్యం మనుషుల నైపుణ్యంలో ఉంది కాబట్టి, నైపుణ్యం పెంచితే తేడా తగ్గుతుంది.

భద్రత గురించిన భయం మాత్రం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్ మండే స్వభావం ఉన్నది. గ్యాస్ తీయకుండా టార్చ్ వెలిగించడం ప్రాణం మీదికి తెస్తుంది. మంటలో పడి విడిపోయిన గ్యాస్ ఊపిరితిత్తులను కాల్చే ఆవిర్లవుతుంది. లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే లోపలి నూనెతో కలిసి పేలుతుంది. వీలైతే కాయిల్ విప్పి షాపులో, గాలి ఆడే చోట చేయించడం మేలు. వారంటీ ఉన్న కాయిల్‌ని బయట ఎవరిచేతా ముట్టించకూడదు. కంపెనీనే పిలవాలి.

ఇక డబ్బు లెక్క. కాయిల్ విప్పడం, చిల్లు వెతకడం, అతుకు వేయడం, పరీక్షించడం సగం రోజు పని. మే నెలలో ఆ సగం రోజులో మెకానిక్ నాలుగు ఇళ్లలో గ్యాస్ నింపగలడు. కాయిల్ మారిస్తే సరుకు మీద కూడా అతనికి కొంత మిగులుతుంది. మరమ్మతుకి మనం ఇవ్వజూపే కూలి ఆ పనికి సరిపోదు. అతన్ని తప్పుపట్టే ముందు, సగం రోజు నైపుణ్యానికి తగిన ధర కట్టడానికి మనం సిద్ధమా అని ఆలోచించాలి. అలా కట్టినా, ఏటేటా గ్యాస్‌కి పోసే డబ్బుతో, కొత్త యూనిట్ ధరతో పోలిస్తే అది చిన్న మొత్తమే. 2019లో కేంద్రం విడుదల చేసిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలైంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో దేశంలోని పెద్ద ఏసీ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. తయారీ ఇక్కడే జరుగుతున్నప్పుడు, ఆ కాయిల్‌ని అతికే విద్య చుట్టుపక్కల ఐటీఐల్లో గట్టిగా నేర్పించమని అడగడం అత్యాశ కాదు.

పాత ఏసీకి మరమ్మతులు చేసుకుంటూ కూర్చుంటే కరెంటు బిల్లు తడిసిమోపెడవుతుంది కదా అని మరో ప్రశ్న. పదిహేనేళ్ల నాటి ఆర్22 ఏసీ విషయంలో ఇది సరైన మాట. దాన్ని గౌరవంగా సాగనంపడమే మంచిది. కానీ నాలుగైదేళ్ల ఇన్వర్టర్ ఏసీకి ఈ వాదన అతకదు. కొత్త దానితో దొరికే కరెంటు ఆదా కొద్దిగానే ఉంటుంది. పారేసేది మాత్రం కంప్రెసర్, బోర్డు, మోటార్లతో సహా మంచి యంత్రం. ముడి ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి కరిగించే దశలోనే 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. గ్యాస్ లెక్క ఇంకా బరువైనది. కిలో ఆర్32 గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 290 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఆర్410ఏ అయితే 2088 కిలోలు. మూడు వేసవుల పాటు చిల్లు వెతకకుండా గ్యాస్ నింపుకున్న ఇల్లు తెలియకుండానే ఎంత వదిలిందో ఊహించవచ్చు. 2016 నాటి కిగాలి ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2032 నుంచి ఈ రకం గ్యాసుల వాడకాన్ని దశలవారీగా తగ్గించుకుంటూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. లీకులు మూయడం ఇందులో అన్నిటికంటే చవకైన పని.

అతుకు నిలిచిందో లేదో తేల్చేది మాట కాదు, గేజి. పని అయ్యాక నైట్రోజన్‌ని యూనిట్ స్టిక్కరు మీద రాసిన ప్రెషర్‌ను మించకుండా నింపి రాత్రంతా వదిలేయమనాలి. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే 300 పీఎస్ఐ దగ్గర ఉన్న ముల్లు ఓ పది పీఎస్ఐ దిగుతుంది. అది లీకు కాదు, ఎండెక్కాక తిరిగి పైకొస్తుంది. అంతకు మించి దిగితే అతుకు సరిగ్గా పడలేదు, మళ్లీ చేయాలి. ముల్లు నిలిచాకే వాక్యూమ్ పంప్ పెట్టి తేమ తీసి, కాటాలో తూచి కంపెనీ చెప్పినంత గ్యాస్ నింపాలి. అతుకు మీద రంగు పూత తప్పనిసరి, జింక్ రాడ్డు వాడితే మరీను. తడి తగిలితే ముందు తినేసుకుపోయేది ఆ జింకే. ఈ పనంతా ఓపిగ్గా చేసే తీరిక మెకానిక్‌కి ఏప్రిల్, మే నెలల్లో ఉండదు. కిందటి వేసవిలో చల్లదనం తగ్గిన ఏసీ ఇంట్లో ఉంటే, అతన్ని పిలవాల్సింది డిసెంబరులోనో జనవరిలోనో.