మార్కులు ముందే చెప్పేదెంత?

ఇచ్ఛాపురంలో అర్ధరాత్రి ఎవరికైనా పేగు మెలిపడితే విశాఖలోని కేజీహెచ్ ఆస్పత్రి 200 కిలోమీటర్లకు పైమాటే. అంత దూరం వెళ్లే వ్యవధి లేనప్పుడు దగ్గర్లో ఉన్న సర్జన్ సమర్థతే ప్రాణాన్ని నిలబెట్టాలి. శ్రీకాకుళంలో 2008లో రిమ్స్, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. నెల్లిమర్లలో మిమ్స్, రాగోలులో జెమ్స్ వైద్య కళాశాలలు ఉన్నాయి. కళాశాలలు పెరిగాయి కాబట్టి, సర్జన్‌గా తయారవుతున్నవాడు దారిలో ఉన్నాడో లేదో ఎలా తెలుసుకోవాలన్నది ఇప్పుడు మన జిల్లాల సమస్య కూడా. శిక్షణ మధ్యలో పెట్టే పరీక్షల మార్కులు ఆ సంగతి ముందే చెప్పగలవా? కొంతవరకు చెప్పగలవు. వెనకబడినవాళ్లను సకాలంలో నిలబెట్టడానికి వాడుకుంటే ఆ కొంతకే ఎంతో విలువ ఉంటుంది.

మన ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్ల చదువు. భవిష్యత్తును తేల్చేది చివర్లో వచ్చే థియరీ పేపర్లు, కేసులు, వైవా. మరో పీజీ కోర్సు అయిన డీఎన్‌బీలో శిక్షణ మధ్యలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ టెస్ట్ ఉంటుంది. అమెరికాలో 1975 నుంచి సర్జరీ రెసిడెంట్లకు ఏటా ఆబ్‌సైట్ అనే పరీక్ష పెడుతున్నారు. శిక్షణ ముగిశాక అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ ధ్రువీకరణకు ముందు రాత పరీక్ష, తర్వాత మౌఖిక పరీక్ష దాటాలి. ఈ రెండింటికీ ఆబ్‌సైట్‌కూ ఉన్న సంబంధాన్ని అక్కడ ఏళ్ల తరబడి పరిశీలించారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం 17 శిక్షణ కేంద్రాల్లో చదివిన 600 మందికి పైగా సర్జన్ల ఫలితాలను చూసింది. ఆబ్‌సైట్‌లో 35వ పర్సంటైల్‌కు పైన ఉన్నవాళ్లు తొలి ప్రయత్నంలోనే గట్టెక్కే అవకాశం ఎక్కువని తేలింది. అయితే పలు అధ్యయనాలను కలిపి చూస్తే రాత పరీక్షతో సంబంధం గట్టిగానూ, మౌఖికంతో బలహీనంగానూ కనిపిస్తుంది.

దీనికి కారణం ఉంది. ఆబ్‌సైట్, బోర్డు రాత పరీక్ష రెండూ బహుళైచ్ఛిక ప్రశ్నలే. ఒకే కుంచంతో రెండుసార్లు కొలిస్తే లెక్క దగ్గరగానే వస్తుంది. మౌఖికంలో పరీక్షకులు రోగి పరిస్థితిని మాటల్లో చెబుతూ, మధ్యలో మలుపు తిప్పి, ఇప్పుడేం చేస్తావని అడుగుతారు. అక్కడ కావలసింది నిర్ణయం. ఇక చేతి నైపుణ్యం ఈ రెండింటికీ అందదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మిషిగన్‌లో ఊబకాయ శస్త్రచికిత్సలు చేసే 20 మంది సర్జన్ల ఆపరేషన్ వీడియోలను, ఎవరివో తెలియకుండా, తోటి సర్జన్లకు చూపి మార్కులు వేయించారు. నైపుణ్యంలో అట్టడుగు వరసలో ఉన్నవారి రోగుల్లో 14.5 శాతం మందికి, పై వరసవారి రోగుల్లో 5.2 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ఇంత తేడాను ఏ రాత పరీక్షా పట్టి చూపదు.

అలాంటప్పుడు మధ్యలో మరో పరీక్ష దండగ కదా అనవచ్చు. కాదు. కడుపు ఎప్పుడు కోయాలో, ఎప్పుడు కోయకూడదో చెప్పేది చదువే. అది లేని చేతికి ఎంత ఒడుపున్నా రోగికి ప్రమాదమే. పరీక్ష పెడితే పిల్లలు వార్డులొదిలి ప్రశ్నల పుస్తకాలు పట్టుకుంటారన్న భయం ఇంకా బలమైనది. నీట్ పీజీ ర్యాంకుల కోసం ఇంటర్న్‌షిప్ రోజులు ఎలా కరిగిపోతున్నాయో మనకు తెలిసిందే. అందుకే ఈ మార్కులను ఉత్తీర్ణతకు గానీ సీటుకు గానీ ముడిపెట్టకూడదు. ముడి లేకపోతే ఎవరూ పట్టించుకోరన్న వాదన కూడా ఉంది. మార్కులు చూసిన ప్రొఫెసర్ విద్యార్థిని కూర్చోబెట్టి ఏ భాగంలో తడబడుతున్నాడో చెప్పి, మర్నాటి నుంచి ఆ కేసుల దగ్గర నిలబెడితే పట్టించుకోక తప్పదు.

మార్కులు చెప్పే జోస్యం నిజమైతే అందులో మనకు లాభం లేదు. తొలి ఏడాది తక్కువ తెచ్చుకున్నవాడు మూడో ఏడాది దర్జాగా నెగ్గి ఆ జోస్యాన్ని అబద్ధం చేయాలి, చేయించాల్సింది గురువులు. శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల్లో సర్జరీ పీజీలకు ఏటా ఒక ఉమ్మడి రాత పరీక్ష, దానితో పాటు ఆపరేషన్ బల్ల దగ్గర సీనియర్లు చూసి రాసే మదింపు, రెండూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. వైద్యుడి లోపం శిక్షణలో ఉండగానే బయటపడితే దిద్దుకోవచ్చు. ఆ తర్వాత బయటపడితే దాని మూల్యం రోగి చెల్లిస్తాడు.