గొర్రెపాలలోని మాంసకృత్తులు

కాగిన పాలలో నిమ్మరసము పిండినచో పాలు విరిగి, తెల్లని విరుగుడును, పలుచని తేటనీరును వేరగుట మన యిండ్లలో అందరును ఎరిగినదే. విరుగుడులోని ముఖ్యమైన మాంసకృత్తి పేరు కేసీన్. తేటనీటిలో కరగియుండునవి వేరొక తరగతి మాంసకృత్తులు. ఆవు, గేదె, మేక, గొర్రె పాలన్నిటిలోను ఈ రెండు తరగతులును కలవు. కాని వాని పాళ్లును, రూపములును పశువును బట్టియు, జాతిని బట్టియు మారుచుండును.

ఆవుపాలలో నూటికి సుమారు 3.3 పాళ్లు మాంసకృత్తులుండగా, గొర్రెపాలలో 5.5 మొదలు 6 పాళ్ల వరకు ఉండును. అందు ఐదింట నాలుగు వంతులు కేసీనే. కావుననే గొర్రెపాలు త్వరగా పేరుకొని, గట్టి గడ్డ కట్టును. ఫ్రాన్సులో లకోన్ జాతి, స్పెయినులో మంచేగా జాతి, ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపములో సార్డా జాతి గొర్రెల పాలతో చేయు చీజ్ ప్రపంచ ప్రసిద్ధి చెందినది.

పరిశోధన సాగిన విధము

1955లో ఇంగ్లండునందు ఆషఫెన్‌బర్గ్, డ్రూరీ అను శాస్త్రజ్ఞులు తడిపిన కాగితముపై ఆవుపాల మాంసకృత్తులనుంచి విద్యుచ్ఛక్తిని ప్రసరింపజేసిరి. తేటనీటిలోని బీటా-లాక్టోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తి కొన్ని ఆవుల పాలలో వేగముగాను, కొన్నింటి పాలలో మెల్లగాను కదలెను. ఒకే మాంసకృత్తికి రెండు రూపములున్నవనియు, అవి తల్లిదండ్రులనుండి సంక్రమించుననియు దీనివలన తేలినది.

తరువాత గొర్రెపాలలోను ఇట్టి భేదములు కనబడినవి. ఈ మాంసకృత్తి 162 అమైనో ఆమ్లములు గొలుసువలె కూడినది. గొర్రెలలోని 'ఎ', 'బి' రూపములకు ఇరువదవ స్థానమున మాత్రమే భేదము కలదు.

కేసీనునందలి భేదము మరింత ముఖ్యమైనది. కేసీన్ రకములలో ఒకదానికి 'వెల్ష్' అను రూపము కలదు. వేల్స్ కొండ గొర్రెలలో మొదట కనబడుటచే దానికా పేరు వచ్చినది. సార్డా గొర్రెలలోను అది కలదు. తల్లినుండియు, తండ్రినుండియు ఈ రూపమునే పొందిన గొర్రె పాలలో కేసీన్ తక్కువ. అన్నే పాలకు చీజ్ తక్కువ దిగును. పాలు చూచి ఈ లోపము కనుగొనుట కాపరికి సాధ్యము కాదు. పొట్టేలు పాలీయదు గాని, దాని కూతుళ్ల పాల గుణములో సగము దానినుండియే వచ్చును. నేడు కొలది రక్తపు చుక్కలతోనే పొట్టేలు జన్యువులను పరీక్షించి, ఈ సంగతి ముందే తెలిసికొనవచ్చును.

మనకేమి ప్రయోజనము?

నెల్లూరు జాతిని మాంసమునకును, దక్కని జాతిని మాంసమునకు, గొంగళ్ల ఉన్నికిని మనవారు పెంచుచున్నారు. పాలకొరకు పెంచుట వాడుక కాదు. అయినను తొలి వారములలో గొర్రెపిల్ల ఒంటికి పట్టు కండ అంతయు తల్లిపాల మాంసకృత్తులవలననే ఏర్పడును. అంతేకాదు, రోగములను అడ్డు మాంసకృత్తులు పిల్లకు గర్భమునందు లభింపవు. ముర్రుపాల ద్వారానే లభించును. పుట్టిన కొద్ది గంటలు గడచినచో వానిని గ్రహించు శక్తి పిల్ల ప్రేగులకు తగ్గిపోవును. కావున పుట్టిన గంటలోపలనే ముర్రుపాలు త్రాగించవలెను.

తరతరములుగా మన ఎండలకు, మన మేతకు అలవాటుపడిన జాతుల పాలలో ఏయే గుణములున్నవో పరీక్షించి తెలిసికొనవలెను. అంతలోనే విచక్షణ లేక సంకరము చేసినచో, చదువకమునుపే చెదలు తినిన తాటాకుల గ్రంథమువలె ఆ గుణములు నశించును. పోయిన పిమ్మట తిరిగి తెచ్చుకొనుట సాధ్యము కాదు.

ఇందుకు కాపరులు చేయదగినది కష్టమైన పని కాదు. ఏ తల్లి పిల్లలు ఏటేట బాగుగా ఎదుగుచున్నవో గుర్తుంచుకొనవలెను. అట్టి తల్లికి పుట్టిన మగపిల్లలను సంతకు తోలక, విత్తనపు పొట్టేళ్లుగా నిలుపుకొనవలెను. ఒకే మందలో రక్తసంబంధము పెరుగకుండ, అదే జాతి పొట్టేళ్లను పొరుగూరి మందలతో మార్చుకొనవలెను. వేరు జాతి పొట్టేలును తెచ్చుటకు ముందు పశువైద్యుని సలహా పొందుట మేలు.