కాలని ఉక్కు, కరిగిన సీసం

1812 మార్చి 11 సాయంత్రం కలకత్తా దగ్గర సేరంపూరు మిషన్ ప్రెస్సుకు నిప్పంటుకుంది. కాగితం పోయింది, టైపు పోయింది. అక్కడి మిషనరీ విలియం కేరీ రాసి పెట్టుకున్న తెలుగు వ్యాకరణం మొత్తం బూడిదైంది. మంటలు ఆరాక శిథిలాలు తవ్వి చూస్తే, అక్షరాలన్నీ కరిగి సీసపు గడ్డలుగా దొరికాయి. వాటి మధ్య అక్షరాలు చెక్కిన ఉక్కు పంచ్‌లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొద్ది వారాల్లోనే ఆ గడ్డలను మళ్లీ కరిగించి కొత్త అక్షరాలు పోశారు. కేరీ వ్యాకరణం తిరిగి రాస్తే 1814లో అచ్చయింది.

ఇందులో మాయ ఏమీ లేదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టైపులో దానికి తగరం, ఆంటిమొనీ కలుపుతారు కాబట్టి ఇంకా తక్కువ వేడికే నీరవుతుంది. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీలు కావాలి. అసలు టైపు ప్రాణం ఉండేది ఆ ఉక్కులోనే.

మెత్తని ఉక్కు కడ్డీ కొసన ఒక్క అక్షరాన్ని, అదీ తిరగేసి, ఆకురాయితో, ఉలితో చెక్కుతారు. మధ్యమధ్య కొసను దీపం మీద పట్టి, పట్టిన మసిని కాగితం మీద అద్ది వంపు కుదిరిందో లేదో చూసుకుంటారు. కుదిరాక కడ్డీని కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. అదే పంచ్. దాంతో రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంట మీద చేతి మూస బిగించి లోహం పోస్తే అక్షరం వస్తుంది. సీసం ఒక్కటే పోస్తే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి అంచులు మొద్దుబారతాయి. ఆంటిమొనీ ఆ కుంచింపును తగ్గిస్తుంది, గట్టితనాన్నీ ఇస్తుంది. ఒక్క పంచ్ ఉంటే వేల అక్షరాలు పోసుకోవచ్చు. పంచ్ లేనివాడు ఉన్నవాడి దగ్గర కొనుక్కోవాల్సిందే.

ఈ పని చేతికి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. బెంగాలీ టైపు చెక్కి, తర్వాత సేరంపూరు చేరిన పంచానన్ కర్మాకర్ కమ్మరి కులస్థుడు. అమెరికాలో 1769లో తొలిసారి అక్షరాలు పోసిన ఏబెల్ బ్యూయెల్ వెండిపని వాడు. అంతకు కొన్నేళ్ల ముందు నోట్ల విలువ మార్చి దొరికిపోయి, నుదుట వాత పెట్టించుకున్నవాడు కూడా. సన్నని గీత చెక్కడంలో అతని నేర్పును మాత్రం శంకించలేం! అక్కడ నిలదొక్కుకున్న ఫౌండ్రీ రావడానికి 1796 దాకా పట్టింది. ఫిలడెల్ఫియాలో బిన్నీ, రొనాల్డ్‌సన్ అనే ఇద్దరు స్కాట్‌లాండ్ వాళ్లు దాన్ని పెట్టారు. చిత్రమేమంటే, బ్యూయెల్ కంటే రెండు దశాబ్దాల ముందే తెలుగు పుస్తకం అచ్చయింది. మద్రాసులో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746-47లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు వేయించాడు. కానీ ఆ టైపు ఉన్నది హాలేలో, చదివేవాళ్లు ఉన్నది ఇక్కడ. విశాఖపట్నంలో అనువాదమైన సువార్తలు కూడా అచ్చు కోసం సేరంపూరు దాకా పోయాయి. తర్వాత తెలుగు అచ్చు కేంద్రం మద్రాసుకు మారింది. ప్రెస్సులు, పండితులు, వావిళ్ల వారి లాంటి ప్రచురణకర్తలు అక్కడే స్థిరపడ్డారు.

మా షాద్‌నగర్ వైపు కథ వేరు. నిజాం రాజ్యంలో ఉర్దూ అచ్చు ఎక్కువగా రాతి మీద నడిచేది. కాతిబు, అంటే లేఖకుడు, ముత్యాల్లా రాసిస్తే ఆ రాతనే రాయి మీదికి ఎక్కించేవారు, టైపు జోలికి పోవాల్సిన పని లేదు. తెలుగులో అచ్చు వేద్దామనుకున్నవాడికి మాత్రం గుణింతాలకూ ఒత్తులకూ కలిపి వందల రకాల అక్షరాలు కావాలి. ఇంగ్లీషుకు ఒక జత కేసులు, అంటే అక్షరాల గళ్ల పెట్టెలు, సరిపోతే తెలుగు కంపోజిటర్ చుట్టూ కేసులే. పెళ్లి పత్రికలో ‘లక్ష్మీ’ అన్న ఒక్క మాట కూర్చడానికి చెయ్యి ఎన్ని గళ్లు తిరగాలో! పైగా దిమ్మె అంచు దాటి బయటికి వేలాడే ముక్క ఏదైనా ఉంటే ముందు విరిగేది అదే. ఒక్క ఒత్తు తక్కువైతే ఫారం ఆగిపోయేది.

అలాంటి చోట 1913లో మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ నడిపారు. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ’ మొదలైంది. ఈ పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకీయాల గురించే రాస్తారు. నాకైతే ఆ కేసుల ముందు నిలబడి రోజంతా అక్షరాలు ఏరినవాళ్ల ఊసు కూడా అందులో ఉండాలనిపిస్తుంది.

ఆఫ్‌సెట్, డీటీపీ వచ్చాక సీసం తూకానికి పోయింది. ఇప్పుడు అక్షరం గీసినవాడు దాన్ని ఎన్ని కోట్ల తెరలకైనా పంపవచ్చు, పోత పోయాల్సిన పని లేదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర 2010ల దశకంలో తెలుగు యూనికోడ్ ఫాంట్లు కొన్ని ఉచితంగా విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లో అవి ఎవరికైనా దొరుకుతాయి. వాటిలో ఒకదాని పేరు ‘సురవరం’.