ఆకాశంలోంచి కాదు మామ్మగారూ!

ముహూర్తాలున్న రోజున ద్వారకా తిరుమల కొండ మీద సన్నాయి ఎవరి పెళ్లిదో పోల్చుకోవడం కష్టం. ఈ పందిట్లో జీలకర్ర-బెల్లం పెడుతుంటే పక్క పందిట్లో తలంబ్రాలు. మొన్న మాఘంలో అలాంటి పెళ్లికే వెళ్లాను. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావాల్సిన మేనమామ సింగపూర్‌లో ఉండిపోయాడు. సెలవు దొరకలేదట. వీడియో కుర్రాడు ఒక ఫోన్‌ను స్టాండుకి బిగించి ఆయన్ని మండపం ముందే నిలబెట్టాడు. అక్కడ ఆయన కళ్లు తుడుచుకుంటే ఇక్కడ చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుంటోంది.

ముందు వరసలో కూర్చున్న మామ్మగారు చాలాసేపు ఆ ఫోన్‌కేసి చూసి అడిగారు. “ఏరా అబ్బాయ్, ఇదంతా ఆకాశంలోంచి వస్తోందంటావా?”

“ఆయ్, శాటిలైట్ అండి మామ్మగారూ” అన్నాడు కుర్రాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఆకాశంలోంచి కాదు. మహా అయితే ఫోన్ నుంచి కనిపించే టవర్ దాకానే గాలిలో ప్రయాణం. అక్కడి నుంచి నేలలో పాతిన తీగ. భీమడోలు దగ్గర పెద్ద రోడ్డెక్కి, పోయి పోయి చెన్నై ఒడ్డున సముద్రంలో దిగుతుంది. అక్కడ బంగాళాఖాతం అడుగున 2002 నుంచి ఒక తీగ పడుకుని ఉంది. భారతీ, సింగ్‌టెల్ కంపెనీలు కలిసి వేసిన ఆ తీగ పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లు. సింగపూర్‌కు ఉన్న తీగల్లో అదొకటి. లోతు నీళ్లలో అలాంటి తీగ లావు మొక్కలకు నీళ్లు పట్టే గొట్టమంతే. లోపల వెంట్రుకంత గాజు పోగులు. వాటిలో వెలుగు చెన్నై నుంచి సింగపూర్ చేరడానికి సెకనులో అరవయ్యో వంతు చాలు. ఖండాల మధ్య తిరిగే సమాచారంలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఇలా సముద్రం అడుగునే పోతుంది.

మామ్మగారు నమ్మలేదు. “నీళ్లలో తడిసిపోదూ?” అన్నారు.

సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే పంతొమ్మిదో శతాబ్దంలో సగం గడిచిపోయింది.

రాగి తీగలో కరెంటు పంపి కబురు చెప్పడం తెలిసిన కొత్తలోనే దాన్ని నీళ్లలో ముంచి చూసినవాడొకడు మన దేశంలో ఉన్నాడు. కలకత్తాలో వైద్యం, రసాయనం బోధించే ఐరిష్ డాక్టరు విలియం ఓషాగ్నెసీ. 1839లో తీగకు కీలు పూసి, చీల్చిన బెత్తంలో పెట్టి, తారు పట్టించిన నార చుట్టి హుగ్లీ నదిలో దింపాడు. అవతలి ఒడ్డుకు కబురు అందింది. తర్వాత డల్హౌసీ కాలంలో దేశమంతా తంతి స్తంభాలు నాటించింది కూడా ఆయనే. కానీ బెత్తం, తారు నదికి సరిపోతాయి, సముద్రానికి చాలవు.

సముద్రానికి సరిపడేది మలయా అడవుల్లో దొరికింది. గట్టా పెర్చా అనే చెట్టు పాలు. వేడి నీళ్లలో ముంచితే మైనంలా మెత్తబడుతుంది, చల్లారితే తోలులా గట్టిపడుతుంది. ఎండలో పెట్టి వదిలేస్తే పెళుసెక్కి చిట్లుతుంది కానీ, చీకట్లో, చల్లటి ఉప్పునీటి అడుగున దశాబ్దాలు చెక్కుచెదరదు. రాగి తీగ మీద దీన్ని పోతపోసి, పైన జనపనార, ఆపైన ఇనుప తీగలు చుడితే సముద్రపు తంతి తయారు. ఆ పాల కోసం చెట్లను గీసి ఊరుకోలేదు, మొదలంటా నరికేశారు. ఒక్కో చెట్టుకి దక్కేది గుప్పెడు సరుకు. అలా లక్షల చెట్లు పోయాయి. తర్వాత అదే మలయాలో రబ్బరు, కొబ్బరి తోటలు వేస్తే వాటిలో కూలికి వెళ్లినవాళ్లలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక గట్టా పెర్చా ఇప్పుడెక్కడుందంటారా? పుచ్చిన పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు ఒకసారి నాలుకతో తడిమి చూసుకోండి. ఏలూరు పళ్ల డాక్టరైనా, లండన్ డాక్టరైనా వేరు లోపల నింపేది ఆ సరుకునే.

సరుకు దొరికినంత మాత్రాన పని కాలేదు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి తీగ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి పదహారు గంటలు పట్టింది. కబురు మందకొడిగా వెళ్తోందని వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన రెండు వేల వోల్టులు ఎక్కించాడు. మూడు నాలుగు వారాల్లో తీగ చచ్చిపోయింది. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. రోగికి మోతాదు మించిందన్నమాట. ఆ కాస్త ఆయుష్షులో ఆ తీగ మోసిన కబుర్లలో ఒకటి మన దేశానికి సంబంధించింది. 1857 తిరుగుబాటు అణచడానికి కెనడా నుంచి రెండు రెజిమెంట్లను ఓడెక్కించబోతున్నారు. ఇక అవసరం లేదు, ఆగండి అని లండన్ నుంచి కబురు వెళ్లింది. ఆ ఒక్క సందేశంతో బ్రిటిష్ ఖజానాకు 50 వేల పౌన్లు మిగిలాయట. సముద్రపు తంతి వల్ల లాభం ఎవరికో అప్పుడే తేలిపోయింది.

మన దేశానికి నేరుగా తీగ వేయాలన్న తొందర దాంతో ఇంకా పెరిగింది. 1859-60లో సూయజ్ నుంచి ఎర్రసముద్రంలో ఏడెన్‌కు, అక్కడి నుంచి కరాచీ దాకా వేశారు. ఖర్చు తగ్గుతుందని తీగను బిగుతుగా లాగి పరిచారు. సముద్రం అడుగున కూడా గుట్టలూ లోయలూ ఉంటాయి. గుట్టకీ గుట్టకీ మధ్య తీగ బట్టలారేసే దండెంలా వేలాడింది. దాని మీద సముద్రపు గుల్లలు గుత్తులు గుత్తులుగా పెరిగి, ఆ బరువుకి తెగిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క కబురూ సరిగా వెళ్లకుండానే కథ ముగిసింది. పెట్టుబడికి ప్రభుత్వం పూచీ పడింది కాబట్టి, పనికిరాని ఆ తీగ మీద ఏటా 36 వేల పౌన్లు యాభై ఏళ్ల పాటు వాటాదార్లకు చెల్లిస్తూనే ఉండాల్సి వచ్చింది.

1864లో పర్షియా సింధుశాఖలో వేసిన తీగ నిలబడింది. కానీ అక్కడి నుంచి యూరప్‌కు నేల మీద తంతి. దారిలో గుమాస్తా మార్చి గుమాస్తా రాసుకుంటూ పోయేసరికి కబురు రూపమే మారిపోయేది.

అసలు మలుపు గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడతో వచ్చింది. 692 అడుగుల పొడవు. ప్రయాణికుల ఓడగా కట్టినవాళ్లకు నష్టాలే మిగిల్చింది. అట్లాంటిక్‌కు సరిపడా తీగను ఒక్కసారిగా మోయగల ఓడ మాత్రం అదొక్కటే. 1865లో అట్లాంటిక్‌లో తీగ వేస్తుండగా సగం దాటాక తెగి, రెండు మైళ్ల లోతున పడింది. మరుసటి ఏడు కొత్త తీగ విజయవంతంగా వేసి, వెనక్కి వెళ్లి పాతదాన్నీ పట్టుకున్నారు. ఎలాగంటారా? మన నూతిలో చేద పడిపోతే ఏం చేస్తాం, పాతాళ గరిగె వేస్తాం. అదే పని, రెండు మైళ్ల నూతిలో. వారాల తరబడి దేవి, చివరికి లాగారు. పాత తీగ చివర నుంచి కబురు పంపితే ఐర్లండ్ నుంచి జవాబు వచ్చింది.

ఆ ఓడే 1870 మొదట్లో బొంబాయి వచ్చింది, ఎండకు తాళడానికి ఒళ్లంతా తెల్ల రంగు వేసుకుని. కడుపులో నీళ్లు నింపిన పెద్ద పెద్ద తొట్లు, వాటిలో చుట్టలు చుట్టలుగా తీగ. బొంబాయి నుంచి ఏడెన్‌కు పరుచుకుంటూ పోయింది. జూన్‌కల్లా లండన్, బొంబాయి సముద్రం అడుగున కలిశాయి. ఆవిరి ఓడలో నెల దాకా పట్టే కబురు గంటల్లోకి దిగింది.

మరుసటి ఏడు మద్రాసు వంతు. 1871లో మద్రాసు నుంచి పెనాంగ్‌కు, అక్కడి నుంచి సింగపూర్‌కు తీగ కలిసింది. లండన్‌లో కొట్టిన కబురు బొంబాయిలో ఒడ్డెక్కి, నేల మీద మద్రాసు చేరి, మళ్లీ బంగాళాఖాతంలో దిగేది. 1872లో ఆస్ట్రేలియా కూడా ఈ గొలుసులో చేరింది. అప్పటి మద్రాసు మన రాజధాని కూడా. ఏలూరు వ్యాజ్యమైనా, గోదావరి కాలువల పద్దు అయినా అక్కడే తేలాలి. అంటే పెళ్లిలో మేనమామ మొహాన్ని మోసుకొచ్చిన దారికి వయసు నూట యాభై దాటింది.

అన్నీ మద్రాసు, బొంబాయి, కలకత్తాలకే ఎందుకని నాకో ఉక్రోషం. తీగకు దారి చూపింది దొరతనం, బేరం. కబురు అవసరం ఎక్కడ ఎక్కువని ఎవరూ చూడలేదు. 1864 అక్టోబరు 5న కలకత్తాలో పెను తుపాను. నాలుగు వారాలు తిరక్కుండా నవంబరు 1న బందరు ఉప్పెన. దాదాపు 30 వేల మంది పోయారు. సముద్రంలో గాలివాన లేచిందని ముందుగా చెప్పే ఏర్పాటే లేని రోజులవి. ఆ రెండు దెబ్బల తర్వాతనే, రేవు రేవు నుంచీ గాలీ వానా లెక్కలు తంతి మీద ఒకచోటికి రప్పించి చూడాలన్న ఆలోచన గట్టిపడి, 1875లో వాతావరణ శాఖ పుట్టింది. మరి 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన నాటికి తంతి ఉంది, టెలిఫోన్ ఉంది. గాలికి స్తంభాలు పడిపోయాక రెండూ లేవు.

అందుకే కాబోలు, మా తరానికి తంతి అంటే భయమే ముందు గుర్తొస్తుంది. కొల్లేటి లంకల్లో సైకిల్ మీద టెలిగ్రాం మనిషి గట్టెక్కి వస్తుంటే వాకిట్లో ఆడవాళ్లు విప్పకముందే ఏడుపందుకునేవారు. ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని ఉంటే, సీరియస్ అన్నది మర్యాదకు రాసిన మాటని అందరికీ తెలుసు. మళ్లీ ఆ మనిషే పెళ్లిళ్లకి శుభాకాంక్షలు తెచ్చేవాడు. వాటికి పోస్టాఫీసులో నంబర్లుండేవి. నంబరు చెబితే చాలు, వాక్యం వాళ్లదే. భోజనాల ముందు మైకులో వాటిని చదవడం పెళ్లివారికి ఓ గొప్ప. 2013 జులైలో ఆ సర్వీసు మూసేశారు.

తంతి పోయింది, సముద్రపు తీగ మాత్రం పెరిగింది. 2023 నాటి లెక్కలో మన దేశానికి పదిహేడు అంతర్జాతీయ తీగలు. అవి ఒడ్డెక్కే ఊళ్లు అయిదు: ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రకు ఒక్కటీ లేదు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రాన్ని ప్రకటిస్తూ, దాంతోపాటు సముద్రపు తీగలు అక్కడే ఒడ్డెక్కుతాయంది. ప్రకటనలు చాలా విన్న తీరం మనది. తీగ ఇసకలోకి వచ్చిన రోజున వెళ్లి చూసొస్తాను.

ఈ తీగలు తెగవా? ప్రపంచం మొత్తం మీద ఏటా నూట యాభై నుంచి రెండు వందల సార్లు. షార్కులు కొరుకుతాయని కథలు చెబుతారు గానీ, మూడొంతుల్లో రెండొంతుల పైన చేపల వలల వల్లా, ఓడల లంగర్ల వల్లానే. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర తీగలు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ సగానికి పడిపోయింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో మళ్లీ అదే గొడవ. అప్పుడు ఓడ వెళ్లి చేసేది 1866 నాటి పనే: గాలం వేసి దేవడం, చివర పట్టుకోవడం, ఓడ మీదకు లాగి అతకడం. ఇంకో సంగతి. నాలుగైదు కిలోమీటర్ల లోతులో తీగ జోలికి వచ్చేవాళ్లు దాదాపు లేరు. ప్రమాదమంతా ఒడ్డుకి దగ్గర్లోనే, లోతు తక్కువచోటే, మనుషులు తిరిగేచోటే. అందుకే అక్కడ ఇనుప కవచం మందంగా వేసి, ఇసకలో పాతుతారు.

ఇదంతా మామ్మగారికి చెప్పాననుకోకండి. సగంలోనే తలంబ్రాలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మేనమామ మొహం బిగుసుకుపోయి, మాయమైపోయింది.

“చూశావా, సముద్రంలో తడిసిపోయింది” అన్నారు మామ్మగారు.

వీడియో కుర్రాడు స్టాండు కిందికి వంగి చూశాడు. నెట్ కోసం మండపంలోకి లాక్కొచ్చిన తీగ మీద వంటవాళ్లు బూరెల గంగాళం దింపారు.

“సింగపూర్ దాకా బానే ఉందండి మామ్మగారూ” అన్నాడు, గంగాళాన్ని పక్కకు జరుపుతూ.