కారు స్టీరియో మారుస్తున్నారా? స్క్రీన్ కంటే ముందు రేడియో చెక్ చేయండి

కంపెనీ స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. మ్యాప్స్, రివర్స్ కెమెరా, బ్లూటూత్ అన్నీ ఒకేసారి వస్తాయి. మా నాన్న నడిపే పాత వ్యాగన్ఆర్‌కు ఈ మధ్య నేనూ పెట్టించాను. ఆయన పెట్టిన కండిషన్ ఒక్కటే: "ఏదైనా పెట్టించరా, రేడియో మాత్రం పోకూడదు."

ఆయనది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి చిన్నపిల్లాడు. వేలమందిని మింగేసిన ఆ రాత్రి గురించి ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు కానీ, తుపాను సీజన్‌లో రేడియో కట్టేయడు. ఆలోచిస్తే కరెక్టే. పెద్ద తుపానుకి కరెంటు పోతుంది, బ్యాకప్ అయిపోయాక టవర్లూ పోతాయి. అప్పుడు స్ట్రీమింగ్ యాప్స్ దేనికీ పనికిరావు. కారు బ్యాటరీ, మీడియం వేవ్ రేడియో ఉంటే వార్త మాత్రం వినొచ్చు.

837 దొరుకుతుందా?

మచిలీపట్నం, గుడివాడ షాపుల్లో అడిగితే అందరూ ర్యామ్, స్క్రీన్ సైజు చెప్పారు. ఏఎం గురించి అడిగితే "అదెవరు వింటారు తమ్ముడూ" అన్నారు. చౌక మోడల్స్ కొన్నింటిలో ఎఫ్ఎం మాత్రమే ఉంటుంది. ఉన్నా ఒక చిక్కుంది. మన దగ్గర మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ తేడాతో ఉంటాయి, అమెరికాలో 10. రేడియో సెట్టింగ్స్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే 830 తర్వాత 840కి దూకుతుంది. ఆకాశవాణి విజయవాడ 837 మధ్యలో ఉండిపోతుంది. రీజియన్ మారిస్తే చాలు.

ఇంజిన్ ఆన్ చేసి కూడా వినండి. మోపిదేవి దాటాక మాకు గరగర మొదలైంది. ఫోన్ ఛార్జర్ పీకగానే క్లియర్ అయింది. చౌక ఛార్జర్ల స్విచ్చింగ్ నాయిస్ ఏఎంలోకి బాగా దూరుతుంది.

వైరింగ్

వైర్లు కట్ చేసి టేప్ చుట్టేస్తామంటే ఒప్పుకోకండి. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ అడగండి. పాత స్టీరియో మళ్లీ పెట్టుకోవాలన్నా అదే దిక్కు. మామూలుగా పసుపు వైరు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. ఎరుపును కూడా పసుపుతో కలిపేస్తే స్క్రీన్ ఆగదు, పొద్దున్నకి బ్యాటరీ డౌన్. యాంటెన్నాకు యాంప్లిఫయర్ ఉన్న కార్లలో దానికి పవర్ ఇచ్చే నీలం వైరు వదిలేస్తే రేడియో సిగ్నల్ పడిపోతుంది. సముద్రం గాలికి ఎర్త్ జాయింట్ తుప్పు పడుతుంది కాబట్టి రంగు గీకి, గట్టిగా బిగించమనండి.

50 వాట్ల కథ

డబ్బా మీద 4×50 వాట్స్ అని ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే వచ్చేది సుమారు 14.4 వోల్టులు, స్పీకర్ 4 ఓములు. 14.4 స్క్వేర్‌ను 4తో భాగిస్తే దాదాపు 52. అదే ఆ నంబర్. శుభ్రమైన సౌండ్‌లో అందులో సగం కూడా కష్టమే, 20 వాట్ల దగ్గర అనుకోండి. డబ్బులు మిగిలితే ముందు డోర్ స్పీకర్లు మార్చండి, తేడా అక్కడే తెలుస్తుంది.

ఏది కొనాలి?

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్లకు పని ఎక్కువగా ఫోనే చేస్తుంది, కాబట్టి భారీ ర్యామ్ అక్కర్లేదు. స్టీరియోలోనే యాప్స్ నడపాలంటే 2 జీబీతో సరిపెట్టుకోకండి, 4 జీబీ చూడండి. అవనిగడ్డ దాటి లోపలికి వెళ్లేవాళ్లు ఆఫ్‌లైన్ మ్యాప్స్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మేం తీసుకున్నది షాపులో అన్నిటికంటే అందమైన స్క్రీన్ కాదు. 837 దగ్గర నిలబడింది, ఆన్ చేసిన వెంటనే రేడియో పలికింది. కోస్తాలో ఉండేవాళ్లకు నా రికమండేషన్ ఇదే: బిల్లు కట్టే ముందు ఏఎం ఒకసారి పెట్టించి వినండి.