పాత కారుకు ఎయిర్ పంపు తీసేశారా?

పలమనేరు: మొగిలి ఘాట్‌లో చిత్తూరు వైపు దిగుతూ యాక్సిలరేటర్ వదలగానే పాత పెట్రోలు కారు సైలెన్సర్ 'టప్పు టప్పు'మని పేలుతుంది. యజమాని షెడ్డుకు వెళ్తే, ఇంజను ముందున్న ఎయిర్ పంపు బెల్టు తీసి పక్కన పడేస్తారు. శబ్దం ఆగుతుంది. నిజానికి తప్పు పంపుది కాదు.

సిలిండర్‌లో పెట్రోలు పూర్తిగా మండదు. మండని ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ వేడి పొగతో కలిసి బయటకు వస్తాయి. ఆ దారి మొదట్లోనే పంపు తాజా గాలిని ఎక్కిస్తే, అందులోని ప్రాణవాయువుతో అవి అక్కడే మండిపోతాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1966 మోడళ్ల నుంచి ఈ పద్ధతి వ్యాపించింది. మన దేశంలో తయారైన పాత కార్లలో చాలావాటికి ఈ పంపు లేదు. దిగుమతైన వాటిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అనేక ఫోర్‌స్ట్రోక్ మోటారు సైకిళ్లలో ఇదే పనిని పంపు లేకుండా ఒక చిన్న వాల్వు చేస్తుంది.

ఘాట్ దిగేటప్పుడు ఇంజనులోకి గాలి తగ్గి, పెట్రోలు పాలు హెచ్చుతుంది. ఆ క్షణంలో పంపు గాలి పొగదారిలోకి పోతే పేలుతుంది. అందుకే దానిని బయటకు మళ్లించే డైవర్టర్ వాల్వును అమర్చారు. దానికి వెళ్లే సన్నని రబ్బరు గొట్టం పగిలినా, వాల్వు పట్టేసినా శబ్దం మొదలవుతుంది. మార్చవలసింది వీటినే.

బెల్టు తీసి వదిలేయడంలో అసలు ముప్పు వేరే ఉంది. పంపు వైపు పొగను రానివ్వకుండా ఆపే చెక్ వాల్వు తుప్పుపట్టి చెడితే, వేడి పొగ గొట్టాలను కాల్చి బానెట్ కిందకు చేరుతుంది. అక్కడి నుంచి కారు లోపలికీ రావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ, వాసనా లేవు. అద్దాలు ఎత్తుకుని బెంగళూరు వెళ్లే కుటుంబం తలనొప్పిని, వికారాన్ని ప్రయాణ బడలికగానే భావిస్తుంది. పంపు తీస్తే మైలేజీ పెరుగుతుందన్న ఆశా వృథాయే. అది తీసుకునే శక్తి బహు స్వల్పం.

తిరిగి కలిపేటప్పుడు కొత్త బెల్టు బిగించడం చివరి పని. ఇంజను చల్లారాక ముందుగా చెక్ వాల్వు విప్పి ఊది చూడాలి. గాలి ఒకవైపే పోవాలి. గొట్టాల లోపల మసి కనిపిస్తే పొగ వెనక్కి వస్తున్నట్లే, వాటిని కూడా మార్చాలి. పంపు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. పట్టేసిన పుల్లీకి బెల్టు వేస్తే కాలిపోతుంది. బేరింగు అరుస్తోందని పంపులో నూనె పోయరాదు, లోపలి రెక్కలు చెడతాయి. పంపు దొరకని పక్షంలో మానిఫోల్డ్ రంధ్రాలను లోహపు బిరడాలతో మూయిస్తే పొగ లీకు ఆగుతుంది గాని, కాలుష్యం తగ్గదు.

2004 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, భారత్ స్టేజ్-2కు ముందునాటి పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటరాదు. స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు ఈ పరిమితులు 0.5 శాతం, 750 పీపీఎం. ఈ వాహనాలకు కాలుష్య ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. 2019 చట్ట సవరణతో ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా రూ.10 వేలకు చేరింది. పరీక్షకు చల్లటి ఇంజనుతో వెళ్తే అంకెలు ఎక్కువగా వస్తాయి. కనుక కొంత దూరం నడిపి, చోక్ పూర్తిగా తీసిన తరువాతే యంత్రం ముందు నిలపాలి.